హార్మోనీ లేని భజన

పసిబిడ్డ పిలుపు విని స్తంభాన్ని చీల్చుకొని వచ్చిన నా నరసింహస్వామికి ముందుగా వేయి దండాలు.

మొన్న శనివారం ధర్మవరంలో మా ఇంటి భజనకు పానకం కలుపుతుంటే, బెల్లం, మిరియాలు, శొంఠి కలిసిన ఆ వాసనకు నేను హిందూపురంలో మా నాయన అంగడి వెనకింట్లో ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను. అంగడిలోని చింతపండు, ఎండుమిరపకాయల ఘాటు నడవలోకి వచ్చి అగరొత్తుల పొగలో కలిసేది. ఎండాకాలం కొత్త కుండలోని పానకం చల్లగా గొంతు దిగేది. వడపప్పు పెట్టేదాకా పిల్లలం నడవలో స్తంభాలాట ఆడేవాళ్లం.

ప్రతి శనివారం మా ఇంటి భజనలో హార్మోనీ వాయించే పెద్దాయనంటే వీధిలో అందరికీ గౌరవం. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని కలకండ పెట్టడం ఆయన అలవాటు. ఒక శనివారం ఆయన పిలిస్తే నేను స్తంభం వెనక దాక్కున్నాను.

"పెద్దోళ్లు పిలిస్తే పోవల్ల. ఏం పొగరే నీకు!" అని అమ్మ నా రెక్క పట్టుకుంది.

"దాన్ని ఇడిచిపెట్టు," అంది అవ్వ. నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, చేట ముందు పెట్టుకొని, తొందరపెట్టకుండా శనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. చేట సగమయ్యాక, ఆయన ఒడి అంటే నాకెందుకు భయమో, ఎవరికీ చెప్పొద్దని ఆయన ఎలా బెదిరించాడో చెప్పాను.

"నీ తప్పేం లేదు తల్లీ. చెప్పి మంచి పని చేసినావు," అంది అవ్వ.

అవ్వ నాయనను లోపలికి పిలిచి అంతా చెప్పింది. "హార్మోనీ లేకుంటే భజన ఎట్ల జరుగుతాదమ్మా? అందరూ ఏమనుకుంటారో!"

"మనకు అరచేతులు లేవారా? ఆయప్ప ఇంగ మన గడప తొక్కకూడదు."

ఆ సాయంత్రమే నాయన వెళ్లి ఆయనకు ఆ మాట చెప్పి వచ్చాడు. అవ్వ, అమ్మ పిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లి తల్లులతో విడిగా మాట్లాడారు.

తర్వాతి శనివారం ఒకరి శ్రుతి ఒకరికి కుదరలేదు. "ఏమత్తా, నువ్వు పెనుకొండకు, మేం కదిరికి పోతాండాం!" అని పక్కింటి కోడలు నవ్వింది.

"యాడికి పోయినా సామి ఆడే ఉంటాడు, పాడండే!" అంది అవ్వ.

నేను ఆమె పక్కనే కూర్చొని గట్టిగా చప్పట్లు కొట్టాను. అమ్మ ఆ రోజు తాను పట్టుకున్న నా రెక్కనే మెల్లగా నిమురుతూ కూర్చుంది.

ఈనాడు అవ్వ లేదు. అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. మా భజనలో నేటికీ అరచేతులే. పిల్లలు తమకిష్టమైన వారి పక్కన కూర్చుంటారు, ప్రసాదం తమ చేతుల్లోకే తీసుకుంటారు.

చదువుతున్న మీరూ నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి: స్వామీ, మా ఇంటి బిడ్డ స్తంభం వెనక నిలబడితే, అది మాకు ఆటలా కాక బిడ్డ భయంలా కనిపించేలా చెయ్యి.