కత్తిపీట లేని వంటిల్లు

కత్తిపీట లేకుండా కోనసీమలో ఒక ఇల్లు ఎలా నడుస్తుందో చూసే భాగ్యం, నా పరిశోధన పుణ్యమా అని, నాకు దక్కింది. కాట్రేనికోన దగ్గర ఒక పల్లెలో ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా భోజనంలో పప్పు, ఉడికించిన గుడ్లు, అప్పడాలు. పెరటినిండా కొబ్బరిచెట్లున్న ఇంట్లో కొబ్బరి పచ్చడి లేదంటే నాకు అనుమానం రాదా?

అడిగితే ఇంటి పెద్దాయన గొంతు తగ్గించి చెప్పారు. కత్తులు, కత్తిపీట అన్నీ పక్కింట్లో దాచారట. కూరలు కూడా అక్కడే తరిగించి తెచ్చుకుంటున్నారట. పక్కింటావిడకు ఓపికుంటే కూర, లేకపోతే పప్పు.

ఇదంతా ఆ ఇంటి చిన్నకోడలి కోసం. కొన్నేళ్ళ కిందట జబ్బు ముదిరి, తనను చంపడానికి ఎవరో వస్తున్నారన్న భ్రమలో ఆమె ఈ పెద్దాయన భార్య అయిన పెద్దకోడలి చేతి మీద కత్తితో నరికింది. అప్పుడు ఆమెకు మతిస్థిమితం లేదని తేల్చి, కోర్టు జైలుకు కాకుండా మానసిక ఆసుపత్రికి పంపింది. మందులతో బాగా కోలుకుంది. భర్త కువైట్‌లో ఉన్నాడు. కొన్నాళ్ళు బావగారింట్లో ఉంచి చూద్దామని డాక్టర్లు పంపారు. కుదురుకుంటే ఇక ఇల్లే, లేదంటే మళ్ళీ వార్డు. ఇలా తిరిగొచ్చినవాళ్ళు ఇంట్లో ఎలా ఇముడుతున్నారో చూసి డాక్టర్లకు రాయడం నా పని. ఈ పనికి మా శాఖలో నోరు తిరగని పేర్లున్నాయి. మా అమ్మతో మాత్రం, ఊళ్ళు తిరిగి భోంచేసి వస్తున్నానని చెబుతాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఇంట్లో చిన్నకోడలిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. అందరికన్నా ముందు వడ్డించేవారు. కంచం తీయబోతే మేం తీస్తాం కదా అనేవారు. మా వైపు మర్యాదలంటే నాకు ప్రాణమే గానీ, ఆ రోజుల్లో మాత్రం ఒళ్ళు మండేది. మనిషి రోజురోజుకీ ముడుచుకుపోతోంది. ఒకసారి నన్ను ఆటో ఎక్కించడానికి వాకిట్లోకి వచ్చి, తల ఎత్తకుండా, తనను మళ్ళీ ఆసుపత్రికి పంపేయమని అడిగింది.

“అక్కడ వంటింట్లో ఉల్లిపాయలు నేనే కోసేదాన్నండి. ఇక్కడ చుట్టాన్నయిపోయేనండి.”

నాకు ఏడుపొచ్చింది. ఈ మాట తోటికోడలికి చెప్పనా అని అడిగితే తలూపింది. ఆటోను ఆగమని లోపలికి వెళ్ళి పెద్దకోడలికి ఉన్నదున్నట్టు చెప్పాను. దెబ్బ తిన్న మనిషికి భయపడొద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఏం చేసినా ఆవిడ ఇష్టమేనన్నాను. ఆవిడ చేతి మీది మచ్చను కొంగుతో కప్పుకుంది.

మళ్ళీ నేను వెళ్ళేసరికి అరుగు మీద లేత పనసకాయ ఉంది. పనసకాయను పొట్టుగా కొట్టడం అంటే మాటలు కాదు. చెక్కు తీసి, కాయను తిప్పుకుంటూ కత్తితో సన్నగా కొడుతూ పోవాలి. ఆ పనిలో చిన్నకోడలి తర్వాతే ఎవరైనా అని ఊళ్ళో విన్నాను. పెద్దకోడలు తనే పక్కింటికి వెళ్ళి కత్తి తెచ్చింది. పెద్దాయన కంగారుగా లేచి, భార్య చూసిన చూపుకి మళ్ళీ కూర్చున్నారు. ఇంత చదువుకున్న నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను. చిన్నకోడలు కత్తి అందుకోలేదు.

“నీకు బయం లేదా అక్కా?”

“ఎందుకు లేదే? ఉంది. ఉంటే మటుకు కూర మానేత్తావా? నేను కొడితే పొట్టవదు, ముక్కలవుద్ది. చేతులకి నూని రాసుకో, జిగురంటుకుంటాది.”

అని, ఆవిడే నూనె తీసి ఆమె అరచేతులకు రాసింది. రాసి, ఎదురుగా చతికిలబడింది. కత్తి మొదట మెల్లగా, భయంభయంగా పడింది. కాసేపటికి ఊపందుకుంది. చెదిరిన పొట్టును పెద్దకోడలు ఏరి పళ్ళెంలో వేస్తోంది. ఇంకాసేపటికి ఇద్దరూ కూరలో ఆవ పెట్టాలా వద్దా అని వాదులాడుకుంటున్నారు. నేను ఎవరి పక్షమూ వహించకూడని పరిశోధకురాలిని. అయినా ఆవ పెట్టాల్సిందేనని తీర్పు చెప్పాను.

భోజనాల వేళ పెద్దకోడలు విస్తర్లు వేసింది. పెద్దాయనకొకటి, నాకొకటి. చిన్నకోడలు అలవాటుగా వచ్చి నా పక్కన కూర్చోబోయింది. పెద్దకోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

“నువ్వెక్కడికే? మేడం గారికి వడ్డించు. మనిద్దరం తర్వాత తిందాం.”

చిన్నకోడలు ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత దాదాపు పరుగున వంటింట్లోకి వెళ్ళి కూర గిన్నె తెచ్చింది. నేను చాలు చాలంటున్నా వినకుండా, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, నా విస్తట్లో పనసపొట్టు వడ్డిస్తూనే ఉంది.