సారాంశంలో చివరి వాక్యం

పాఠం మొదలుపెట్టిన రోజే సారాంశం చెప్పి రాయించేయడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఎలా మొదలైంది, మధ్యలో ఏమైంది, చివరికి ఏమైంది, అన్నీ కలిపి పన్నెండు వాక్యాలు. పరీక్షలో ప్రశ్న కథ ముగింపు మీదే వస్తుంది కాబట్టి పిల్లలు చివరి వాక్యం కింద ఎర్రగీత కొట్టుకుంటారు. మా మాస్టార్లూ మాకు అలాగే చెప్పారు. కథ ముందే చెప్పేస్తే ఇంక చదవడమెందుకని ఎవరైనా అంటే, మేమేం చెడిపోయామా అని దెబ్బలాటకు దిగేదాన్ని.

తాడేపల్లిగూడెంలో ఏడో తరగతికి తెలుగు చెబుతాను. ఇల్లు ఏలూరు పక్కన వట్లూరులో. రానూపోనూ పాసింజరు బండే. పిల్లల నోట్సులు దిద్దుకునేది కూడా ఆ బండిలోనే. ఆ ఏడాది మా బడివాళ్లు ఉపవాచకంగా ఒక అనువాద నవల పెట్టారు. ఎప్పటిదో యుద్ధం, ఎక్కడిదో చలిదేశం. క్లారినెట్ వాయించే తండ్రి దాన్ని కూతురి చేతిలో పెట్టి సైన్యంలోకి వెళతాడు. ఆ పిల్ల తప్పులు వాయించుకుంటూనే ఒంటరిగా నేర్చుకుంటుంది. నా పన్నెండో వాక్యం ఇది: 'తండ్రి యుద్ధంలో చనిపోయాడు.'

పాఠం హుషారుగానే సాగింది. క్లారినెట్ అంటే పెళ్లి బ్యాండులో వాయించేదే అని చెప్పాక, ఊళ్లో ఏ ఊరేగింపు వెళ్లినా మర్నాడు నాకు కబురందేది. అందరిలోకీ బాగా చదివేది రెండో బెంచీలో ఒక అమ్మాయి. గొంతు ఖంగుమనేది. తండ్రి ఉత్తరాలు వచ్చే పేజీల దగ్గర మాత్రం దగ్గు వస్తోందని కూర్చునేది. దొంగదగ్గని నాకు తెలుసు. బద్ధకమనుకున్నాను.

ఒక సాయంత్రం భీమడోలు దాటాక ఆ అమ్మాయి నోట్సు తెరిచాను. ముత్యాల్లాంటి అక్షరాలు, పదకొండు వాక్యాలు. పన్నెండోది లేదు. దాని చోటు మాత్రం ఖాళీగా వదిలి ఉంది. నాకు ఒళ్లు మండింది. 'చివరి వాక్యం పదిసార్లు రాయాలి' అని ఎర్ర పెన్నుతో రాసి పారేశాను.

మర్నాడు రాసుకురాలేదు. ఎందుకని అడిగాను.

"నేను రాయనండీ," అంది, క్లాసంతా వినేలా.

పీరియడంతా వరండాలో నిలబెట్టాను. ఏడవలేదు. ఏడవనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ మర్నాడు బెల్లు కొట్టకముందే వాళ్ల తాతగారు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. డెబ్భై ఏళ్లుంటాయి, నడుము మాత్రం వంగలేదు.

"ఏవండీ మేడమ్ గారూ, మా మనవరాలు ఎదురు చెప్పిందంటండి. తప్పేనండి, ఏమీ అనుకోకండి. మావాడు మిలిటరీలో ఉన్నాడండి. నేనూ చేసొచ్చినవాణ్ణేనండి. ఇప్పుడు సరిహద్దు మీదున్నాడు. పదకొండు రోజులైందండి, ఫోను లేదు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మావాడు సెలవుకొస్తే రామాలయంలో భజనకి డోలక్ వాయిస్తాడండి. వాడకుండా పెట్టేటప్పుడు తాళ్లు వదులు చెయ్యాలండి, లేకపోతే తోలు పాడైపోద్ది. మా ఇంట్లో ఆడవాళ్లు చెయ్యనివ్వరు. వదులు చేస్తే ఇంక వాయించేవాడు రాడన్నట్టే కదండీ అంటారు. అలా బిగించే ఉంచి, సాయంత్రంపూట నాకొచ్చినట్టు నేనే నాలుగు దెబ్బలేస్తానండి. అలాంటి ఇంట్లో పిల్లండి. మీరేం రాయమన్నా రాస్తదండి. ఆ మాట మటుకు రాయించకండి."

నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆ నెలంతా మా ఇంట్లోనూ టీవీ పెడితే సరిహద్దు వార్తలే. అన్నం తింటూ చూశాను. క్లాసులో ఎవరి తండ్రి ఎక్కడున్నాడో అడగాలని ఒక్కసారీ తోచలేదు. పన్నెండేళ్ల పిల్ల చేత నేను ఏ మాట పదిసార్లు రాయించబోయానో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

క్లాసులోకి వెళ్లి, చివరి వాక్యం అందరూ కొట్టేయండి అన్నాను.

"పరీక్షలో వస్తేనండీ?"

"రాదు. పేపరు చేసేది నేనేగా."

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, తప్పు నాదమ్మా అన్నాను. తల ఎత్తలేదు. నేను వేసిన శిక్ష ఉన్న కాగితం మీద అరచెయ్యి బోర్లించి కూర్చుంది.

చివరి అధ్యాయం నేనే చదువుతానన్నాను. కాదు, తను చదువుతానంది. తండ్రి గురించి టెలిగ్రాం వచ్చే పేజీ దాకా ఖంగుమంటూ చదివి, పుస్తకం పక్కపిల్లకు జరిపింది. ఆ పిల్ల ఆ ఒక్క పేజీ చదివి మళ్లీ ఇటు జరిపింది. తండ్రి నేర్పిన పాటను కూతురు మొదటిసారి తప్పు లేకుండా వాయించే పేజీ ఈ అమ్మాయే చదివింది. వాళ్లిద్దరూ ముందే అనుకున్నారో లేదో నేను అడగలేదు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నేను బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

దసరా సెలవులయ్యాక ఒక పొద్దున బడి గేటు దగ్గర స్కూటరు ఆగింది. వెనక నుంచి ఆ అమ్మాయి దూకింది. నడుపుతున్నాయన జుట్టు బాగా పొట్టిగా కత్తిరించి ఉంది. స్కూటరు ఆపినా ఆయన వేళ్లు హ్యాండిల్ మీద ఏదో తాళం వేస్తూనే ఉన్నాయి. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

"నమస్కారమండీ మేడమ్. సెలవంతా ఆ క్లారినెట్ కథేనండీ మా ఇంట్లో. చివరికి ఆ తండ్రి ఏమయ్యాడే అంటే మాత్రం చెప్పట్లేదండీ. మీరైనా చెప్పండి."

ఆ అమ్మాయి ఆయన వెనక నుంచి నా వైపే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

ఇరవై ఏళ్లుగా ప్రతి కథ ముగింపూ మొదటిరోజే చెప్పేసినదాన్ని.

"మేమింకా అక్కడిదాకా రాలేదండీ," అన్నాను.