జూకని చెప్పి చెట్టెక్కించాం

మా మనస్వికి పదేళ్లు. పోయిన వానాకాలం డాబా మీది నీళ్ల ట్యాంకు నిచ్చెన జారి, కుడి చేయి విరగ్గొట్టుకుంది. చేయి నెలన్నరలో అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. అప్పటినుంచి డాబా మెట్లెక్కదు, మాల్‌కు తీసుకెళ్తే ఎస్కలేటర్ దగ్గర నా చున్నీ పట్టుకుని నిలబడిపోతుంది. అలాంటి పిల్ల, శామీర్‌పేట దాటాక చెట్ల మధ్య తాళ్ల వంతెనల మీద నడిపిస్తారట అని క్లాసులో విని వచ్చి, "మమ్మీ, నేను సుత పోతా" అంది. నేను విన్నది నిజమేనా అనుకున్నాను. ఈ ఒక్కసారి మధ్యలో వెనక్కి వస్తే ఇక జన్మలో ఏదీ ఎక్కదేమోనని ఒక పక్క గుబులు కూడా.

చిక్కల్లా మా అత్తమ్మతోనే. ఆవిడ తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవారు. ఒకసారి పైనుంచి పడి, మిగతా బతుకంతా కుంటుతూ నడిచారు. అందుకే చెట్టు మీద మనిషి కనబడితే ఆవిడ తల తిప్పేసుకుంటుంది. "జూకు పోతున్నం అత్తమ్మా" అని అంతవరకే చెప్పి, మిగతాది నేనూ మా ఆయనా మింగేశాం.

ఆదివారం పొద్దున ఏడింటికి మా ఇల్లున్న అల్వాల్‌లో ఆటో ఎక్కి సికింద్రాబాద్ స్టేషన్‌కు, అక్కడినుంచి నేరుగా జూకు వెళ్లే బస్సులో బహదూర్‌పురాకు చేరేసరికి తొమ్మిదయింది. సోమవారం జూకు సెలవు, గుర్తుపెట్టుకోండి. గేటు దగ్గర ప్లాస్టిక్ కవర్లు తీయించేస్తారు. అత్తమ్మ సర్వపిండిని స్టీలు డబ్బాలో పెట్టబట్టి బతికిపోయాం. నలుగురికీ టికెట్లు, లోపల తిప్పే బ్యాటరీ బండి కలిపి ఐదారు వందల్లో అయిపోయింది. ఏనుగును చూసి అత్తమ్మ, "గింత పెద్దదానికి గంత సల్లటి నడకేందే!" అని మురిసిపోయింది. ఆవిడ అంత సంతోషంగా ఉంటే నాకు తప్పు చేసినట్టే అనిపించింది.

పన్నెండున్నరకు క్యాబ్ మాట్లాడుకున్నాం, దాదాపు వెయ్యి రూపాయలు. నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి గంటన్నర పైనే పడుతుంది. బొల్లారం దాటగానే అత్తమ్మ కిటికీలోంచి చూసి, "అల్వాల్ ఎనుకనే పాయె గదా, యాడికి పోతున్నం?" అని అడిగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. డ్రైవరన్న ఊరుకోకుండా, "గా తాళ్ల పార్కుకమ్మా. పిల్లలు చెట్ల మీద నడుస్తరు, మస్తుంటది" అనేశాడు. అయిపోయింది! దిగేదాకా అత్తమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

దిగాక మాత్రం మా వైపు తిరిగింది. "చెయ్యి ఇరిగిన పోరిని మళ్ల ఎక్కిస్తరా? నాకు ఒక్క మాట చెప్పకుంట?" మనస్వి ముఖం వాడిపోయింది. "నానమ్మా, నేనే అడిగిన" అని మెల్లగా అంది.

అత్తమ్మ కాసేపు ఆ పిల్లను చూసి, విసవిసా చెట్ల కిందికి నడిచింది. అక్కడ నేల మీద తాళ్లు పరిచి ఉన్నాయి. క్యూలో వాళ్లు వాటిని దాటుకుంటూ పోతున్నారు. "ఆగుండ్రి! తాడును దాటుతరా ఎవలన్న?" అని ఒక్క కేక వేసింది. క్యూ మొత్తం ఆగిపోయింది. "మా ఇంట్ల మోకును దాటితె మా అయ్య ఆ దినం చెట్టెక్కకపోతుండె. పాణం మోసే తాడు అది!" చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే తాడును మోకు అంటారు. నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ అక్కడి ట్రైనర్ అమ్మాయి నవ్వకుండా తాళ్లన్నీ చుట్టి కొమ్మకు తగిలించి, "కరెక్టే అమ్మమ్మా, తొక్కొద్దని మాకు సుత చెప్పిన్రు" అంది. అత్తమ్మ మనస్వి నడుముకు కట్టిన బెల్టును, తాడును జానెడు జానెడు తడిమి, రెండుసార్లు గట్టిగా గుంజి చూసింది. "మా అయ్య మోకు పాతవడ్డది, చూస్కోలే. ఇది మంచిగుంది. పో బిడ్డా."

టికెట్ ఒక్కరికి ఆరువందలు. మనస్వి మొదటి రెండు చెట్లూ బాగానే దాటింది. మూడోదాని తర్వాత ఊగే చెక్కల మధ్య ఆగిపోయింది. పై తాడును రెండు చేతులతో కరుచుకుని కళ్లు మూసుకుంది. "మమ్మీ, దించు!" ట్రైనర్ నిచ్చెన వైపు కదిలింది.

"జెర ఆగు" అని ఆమెను ఆపి, అత్తమ్మ తల పైకెత్తింది. అవును, తలెత్తి చూసింది. "బిడ్డా, చేతులు వదులు చెయ్యి. ఎనుకకు ఒరుగు. నడుముకున్న తాడు మీద కూసో. మా అయ్య గట్లనే కూసోని, రెండు చేతులిడిచి కల్లు గీస్తుండె. ఒరుగు, నేను చూస్తున్న."

ఒక వేలు, తర్వాత ఒక చేయి. మనస్వి వెనక్కి ఒరిగింది. తాడు బిగిసి పట్టుకుంది. కళ్లు తెరిచి రెండు చేతులూ గాల్లో ఊపుతూ, "నానమ్మా, కూసున్న!" అని అరిచింది. తర్వాత మిగిలిన చెక్కలన్నీ నడిచేసింది. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను, హమ్మయ్య అనుకుంటూ.

సాయంత్రం ఇంటికి రాగానే చినుకులు మొదలయ్యాయి. డాబా మీద బట్టలున్నాయని నేను లేచేలోపే మనస్వి మెట్లెక్కి పోయింది. తడిసిన తువ్వాళ్లు మోసుకొచ్చి సోఫా మీద పడేసి, ఆకలేస్తోందంది. తొమ్మిది నెలలుగా నా గుండె మీదున్న బరువు దిగిపోయింది. వెళ్లేవాళ్లు బూట్లు వేసుకోండి, జుట్టు ముడి వేసుకోండి, మూడు లోపు చేరుకోండి. అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లకు సంగతి చెప్పి తీసుకెళ్లండి. తాళ్ల గురించి మా అందరికంటే బాగా తెలిసిన మనిషి దగ్గరే మేం ఆ రోజు దాచాం.