పెన్సిల్ గీత

పోయిన నెల మా వంటిల్లు మార్పించినప్పుడు, సామాన్ల గదిలో అరలు కట్టడానికి మునగాల నుంచి ఒక వడ్రంగి వచ్చాడు. టేపు జేబులోనే ఉండేది. "చెయ్యి లేపుండ్రి దొరసానీ" అనేవాడు. చెయ్యి ఆగినచోట పెన్సిల్‌తో గీత గీసేవాడు.

మిర్యాలగూడలో మేము అమ్ముకున్న పెద్దింట్లో అరలు కప్పును తాకేవి. ఇక్కడా అలాగే ఉండాలన్నాను. అతను లేపమంటే లేపాను. భుజం పట్టేసిన నా చెయ్యి ఛాతీ దాటి పైకి పోలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జాడీ కావాలంటే కోడలిని పిలిచి దింపించేదాన్ని. ఆమె దాన్ని నా పెత్తనం అనుకునేది.

అతను నా ముఖం చూడకుండా అక్కడే గీత గీశాడు.

"గంత కిందికా?" అంది కోడలు.

"జాడీలు బరువు గదా బిడ్డా. మీద పెడితే చెక్క వంగుతది," అన్నాడతను.

అది ఇల్లు అమ్మినప్పుడు మేము వెంట తెచ్చుకున్న పెద్దింటి తలుపును అతనే కోసిన టేకు చెక్క. ఏనుగెక్కినా వంగదు.

ఈ పొద్దున ఆ అర మీంచి ఆవకాయ జాడీ రెండు చేతులా నేనే దింపి, కోడలి పళ్లెంలో వడ్డించాను.

"ఎవరు దింపిన్రు అత్తమ్మా?"

"ఇంకెవరు?" అన్నాను.