రాతి రెప్పలు

నేను దూరవిద్యలో పాశ్చాత్య కళాచరిత్ర కోర్సులో చేరిన ఏడాదే తమ్ముడు పోయాడు. బేతంచెర్ల నుంచి నాపరాళ్ళ లోడు తెస్తుంటే లారీ బోల్తాపడి, బండలు వాడి మీదే పడ్డాయి. ఆసుపత్రివాళ్ళు తల నుంచి కాళ్ళదాకా చుట్టి ఇచ్చారు. ముఖం విప్పొద్దన్నారు. అమ్మ విప్పమంది. మగవాళ్ళంతా అడ్డం నిలబడ్డారు. నేను ఎంత అరిచినా ఎవరూ వినలేదు. అలాగే ఆళ్ళగడ్డ తీసుకెళ్ళి, సమాధుల తోటలో నాన్న పక్కన పెట్టేశారు.

అమ్మను నంద్యాలలో నా దగ్గరికి తెచ్చుకున్నాను. కాలేజీలో చరిత్ర చెప్పి వచ్చి, సాయంత్రాలు నా పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. పక్కింటావిడకు అది నచ్చలేదు.

"ఇంట్లో సావు పెట్టుకొని, ఆ బట్టల్లేని బొమ్మలు జూస్తాండావేందక్కా?"

"బట్టలున్నోళ్ళను ఇన్నేండ్లు జూస్తిని గదా, ఏం బాగుపడితి?" అన్నాను.

అమ్మ మాత్రం ఒకరోజు పక్కన కూర్చుని ఏం చదువుతున్నావని అడిగింది. పునరుజ్జీవనం అని చెప్పాను.

"పునరుత్థానమా?"

"కాదమ్మా. పునరుజ్జీవనం. ఇటలీలో బొమ్మలు గీసినోళ్ళ కాలం."

"రెండూ సచ్చి లేసేదే గదా," అని పుస్తకం తన ఒళ్ళోకి లాక్కుంది.

మాది బొమ్మలు లేని సంఘం. మా చర్చిలో తెల్లగోడ, కొయ్య శిలువ, వాక్యాల క్యాలెండరు తప్ప ఏమీ ఉండవు. అందుకే శిలువ మీంచి దించిన కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకున్న మరియమ్మ పాలరాతి బొమ్మను అమ్మ ఆ పుస్తకంలోనే మొదటిసారి చూసింది. పేజీ తిప్పనివ్వలేదు.

"ఈమెకు కొడుకును ఒళ్ళోకి ఇచ్చినారు సూడు," అంది. బొమ్మ మీద వేలు పెట్టి, "వాని సమాధి మీద ఇది పెట్టియ్యి పాపా," అంది.

సంఘపెద్ద దగ్గరికి వెళ్ళాను. "మనం బొమ్మలు పెట్టేటోళ్ళం గాదమ్మా. అయినా రాయి పడి పోయినోనికి మళ్ళా రాయేంది?" అన్నాడు. ఆయనకు అరగంట పాఠం చెప్పాను. ఒకప్పుడు జర్మనీ వైపు, హాలెండు వైపు మనలాంటి సంఘాలవాళ్ళే చర్చిల్లో దూరి బొమ్మలు పగలగొట్టి, గోడలకు సున్నం కొట్టారని, మన గోడ తెల్లదనం అక్కడిదేనని, ఆ సున్నం గురించి నేను పరీక్షలో కూడా రాశానని చెప్పాను. ఆయన చేతులెత్తేశాడు. "సర్లేమ్మా, పెట్టుకోపో. ఎవరూ మొక్కకుంటే సాలు. నీతో ఎవరు వాదిస్తారు?"

ఆళ్ళగడ్డలో శిల్పులకు కొదవ లేదు. నేను పట్టుకున్నాయన దేవతల విగ్రహాలూ, చచ్చిపోయిన నాయకుల విగ్రహాలూ చెక్కుతాడు. పుస్తకంలోని బొమ్మను జిరాక్సు తీసి ఇచ్చాను. తల్లి ముఖం దగ్గరే గొడవ మొదలైంది. పుస్తకంలో ఆమె పెళ్ళికాని పిల్లలా ఉంటుంది. అది పవిత్రతకు గుర్తని పుస్తకం చెబుతుంది. నాకు ఒళ్ళు మండింది. ముసలిదాన్ని చెయ్యమన్నాను.

"దేవునమ్మ ముసల్దైతే ఎట్ల టీచరమ్మా?"

"ముప్పై దాటిన కొడుకుండే ఆమె పిల్లెట్లైతాదప్పా?"

మోకాళ్ళ గురించి వాదించుకున్నాం. కొంగు మడతల గురించీ వాదించుకున్నాం. కొడుకు ముఖం జిరాక్సులో నల్లగా పడింది. దాని గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు. చచ్చినవాడి ముఖంలో చెప్పడానికి ఏముంటుంది?

పని అయిపోయిందని కబురొస్తే, అమ్మను తీసుకుని శిరివెళ్ళ మీదుగా బస్సులో వెళ్ళాను. రోడ్డు పక్కన షెడ్డులో బొమ్మ మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆయన పట్టా లాగాడు. తల్లి నేను అడిగినట్టే ఉంది, బుగ్గలు పీక్కుపోయి, వంగిపోయి. ఆమె ఒళ్ళో కొడుకు కళ్ళు రెండూ తెరుచుకుని ఉన్నాయి. నల్లగుడ్లు కూడా గీసి ఉన్నాయి.

"పొద్దున్నే తలస్నానం జేసి కండ్లు తెరిపించినా టీచరమ్మా," అన్నాడాయన సంబరంగా.

"సచ్చిపోయినోడప్పా ఆయన."

"తెరిపించకుంటే అది రాయే గదా. బొమ్మ యాడైతాది?"

నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని విన్నాడు. మళ్ళీ మూసినట్టు చెయ్యమన్నాను. చెక్కేసిన రాయిని తిరిగి అతికించలేనన్నాడు. కళ్ళు మూయాలంటే ఇంకా లోపలికి కొట్టాలి. "అప్పుడు మొగమే పోతాది," అన్నాడు.

"మొగం పోతాదా?" అంది అమ్మ. "వద్దు. మొగం ముట్టుకోవద్దు."

ఆ రాతిపొడిలోనే కూలబడి, కొంగుతో ఆ ముఖం తుడిచింది. అరచెయ్యి నుదుటి మీద పెట్టి, కళ్ళ మీదుగా కిందికి నిమిరింది. ప్రాణం పోయినవాళ్ళ కళ్ళు మూసేటప్పుడు అలాగే నిమురుతారు. తమ్ముడికి ఎవరు మూశారో, అసలు మూశారో లేదో మాకు తెలియదు. చెయ్యి తీసింది. కళ్ళు అలాగే ఉన్నాయి. మళ్ళీ నిమిరింది. శిల్పి పక్కకు తిరిగి ఉలులు సర్దుకోసాగాడు.

తర్వాత అమ్మ లేచి, బొమ్మ చుట్టూ తిరిగి, రాతి తల్లి వెనక నిలబడి, ఆమె భుజం మీంచి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

బొమ్మను తోటకు చేర్చమని శిల్పితో చెప్పి బస్సెక్కాం. నా సంచిలో కోర్సు చివరి భాగం పుస్తకం ఉంది. అందులో మనిషి ముఖాన్ని చెరిపేసిన ఆధునికుల బొమ్మలున్నాయి. ఎందుకు చెరిపేశారో పేజీల కొద్దీ రాశారు. నేను దాన్ని తియ్యలేదు. శిరివెళ్ళ దాటాక అమ్మ నోరు విప్పింది.

"గుళ్ళో దేవుని మాదిరి చేసినాడు పాపా. వచ్చేటోళ్ళ దిక్కు, పొయ్యేటోళ్ళ దిక్కు, అందరి దిక్కూ జూస్తాండాడు."

కిటికీ వైపు తిరిగింది.

"వాళ్ళమ్మ దిక్కు సూడ్డంలే."