బెండకాయ ముద్ర

మా ఆవిడ పోయాక మా అరుగు మీదికి ఆడవాళ్లు రావడం మానేశారు. వాళ్లు ఎప్పుడూ నా కోసం వచ్చినవాళ్లు కాదు కాబట్టి నేను నొచ్చుకోలేదు. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన నాకు పుస్తకాలు ఉన్నాయి, వాటితోనే రోజులు గడుస్తున్నాయి. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయని డప్పు చాటింపు వేసిన మరునాడు మధ్యాహ్నం, బీడీలు చుట్టే ఆడవాళ్లు కొందరు చేటలు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చేటల్లో తునికాకు, తంబాకు. పని మొదలుపెట్టారు. తర్వాత ఒకామె ఆకు కత్తిరిస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"సారు, గీసారి బెండకాయ లేదా?"

మా ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఊరంతా టీచరమ్మ అనేవాళ్లు. పుట్టిల్లు ఆదిలాబాద్, తండ్రి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. పెద్దపల్లి నుంచి ధర్మపురి పోయే దారిలో ఉన్న ఈ ఊరికి వచ్చి, ప్రతి పంచాయతీ ఎన్నికకు ముందూ ఈ అరుగు మీద ఆడవాళ్లకు ఓటు వేయడం నేర్పేది. పెద్ద ఎన్నికల్లో మిషన్ ఉంటుంది, మీట నొక్కితే చాలు. పంచాయతీకి మాత్రం ఇంకా కాగితమే. ముద్ర తీసుకుని గుర్తు మీద గుద్దాలి, మడవాలి, డబ్బాలో వేయాలి. కొందరు ముద్ర వదిలేసి వేలిముద్ర వేసేవాళ్లు. కొందరు తడి ఆరకుండా అడ్డంగా మడిస్తే, ఆ సిరా కింది గుర్తుకు కూడా అంటుకునేది.

అందుకని ఆమె పాత క్యాలెండరు కాగితాల వెనక గుర్తులకు బదులు కూరగాయల బొమ్మలు గీసేది. బెండకాయను అడ్డంగా కోసి, కుంకుమ నీళ్లలో ముంచి, అదే ముద్ర అనేది. ఉంగరమో కత్తెరో గీస్తే తాను ఎవరి వైపో ఊరు లెక్క కడుతుందని ఆమెకు తెలుసు. "కూరగాయలకు కులం లేదు" అనేది.

నేను లేచి బొమ్మలు గీయడానికి కూర్చున్నాను. నాకు ఆ చెయ్యి లేదు.

"సారు, ఇది వంకాయనా, చెంబా?"

"గెలిచినంక తెలుస్తది తియ్యే" అంది పక్కనున్నామె. అందరూ నవ్వారు. మా అరుగు మీద నవ్వు వినిపించి చాలా నెలలైంది.

మా ఆవిడ చెప్పినట్టే చెప్పాను. ముందు నిలువు మడత, తర్వాతే అడ్డ మడత. "బీడీ మూతి ఒత్తుడు కన్న అలకనే, ఏం కష్టం లేదు" అన్నారు. ఒక్కొక్కరూ వచ్చి, వంకాయ మీదో కాకరకాయ మీదో బీరకాయ మీదో ఎర్రటి పువ్వు గుద్ది మడిచి ఇచ్చారు. చివరగా వచ్చినావిడ వాళ్లందరిలో పెద్దది. భర్త లేడు, పిల్లలు లేరు. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె మూడు కూరగాయల మీదా గుద్దింది.

"అదేంది అక్కా?"

"అన్నీ తినేటియే గద సారు. ఒక్కదాని మీద గుద్దితే కడమ రెండు ఏమనుకుంటయ్?"

అరుగంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్లాక చేట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది.

సర్పంచికి ఈసారి గట్టిగా నిలబడ్డవాళ్లు ఇద్దరే. ఒకడు ఆమె అన్న కొడుకు, రెండోవాడు మరిది కొడుకు. ఆమె పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఈ ఊళ్లోనే. బతుకమ్మకు చీర పెట్టేది అన్న కొడుకు. కళ్లు కనబడకపోతే బండి మీద కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయేది మరిది కొడుకు. ఏ గడప మూసుకున్నా ఆమెకు సగం ఊరు మూసుకున్నట్టే.

"పోయినసారి గూడ గీ ఇద్దరే నిలవడ్డరు. టీచరమ్మ ఒక్కటే గుద్దుమన్నా ఇద్దరి మీద గుద్దిన సారు. వాళ్లొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టుమంటే పెట్టి చెప్పిన, నీకే ఏసిన బిడ్డా అని. అబద్ధమైతే ఆడలే గద?"

నిజం చెప్పకుండా ఉండడం కుదరదు.

"అక్కా, రెండు గుద్దితే అది చెల్లదు. ఎవరి లెక్కలోకీ రాదు. పక్కన పెట్టేస్తారు."

"అంటే ఎవలకు ఏయనట్టేనా?"

"అంతే."

ఆమె చేతిలోని ఆకును చేటలో పెట్టేసింది. "అంటే నేను పెట్టిన రెండు ఒట్లూ అబద్ధమే అయినయా!"

ఆమె జీవితంలో అబద్ధం ఆడిన మనిషి కాదని ఊరంతా చెబుతుంది. ఓటు వృథా అయినందుకు కాదు, మాట వృథా అయినందుకు ఆమె ముఖం వాడిపోయింది. నాకు తోచిన మాట ఒక్కటే చెప్పాను. ఎవరికి వేసిందీ బయటికి తెలియదు, ఎవరూ చూడరు.

"డబ్బాకు తెల్వకుంటే ఏంది సారు, నా నోటికి తెలుస్తది గద. గీసారి ఒక్కనికే ఏస్తే రెండోవాని నెత్తి మీద చెయ్యెట్ల పెట్టాలె? టీచరమ్మ ఉంటే ఏదన్న చెప్పేది."

ఉంటే చెప్పేదే. ఓటు మానేస్తావా అని నేను అడగలేకపోయాను, అవునంటుందేమోనని భయం.

రెండు రోజులు ఆమె రాలేదు. మూడోనాడు కొంగులో తన పెరటి బెండకాయలు కట్టుకుని వచ్చి, వాటిని నా ముందు పోసి, ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

"ఒట్టు మీద ఒట్టు నడువది, ఔనా కాదా?" అని అందరినీ అడిగింది.

మా వైపు అది అందరికీ తెలిసిన మాటే. ఒకసారి ఒట్టు పడ్డ విషయంలో ఆ మనిషి చేత ఇంకో ఒట్టు వేయించకూడదు. వేయిస్తే పాపం వేయించినవాడిది.

"నడువది" అన్నారు.

"అయితే వాళ్లు పెట్టుమనకముందే నేను పెడుతున్న." చేటలోని తునికాకు మీద అరచెయ్యి బోర్లించింది. "కూడు పెట్టే ఆకు. దీని మీద ఒట్టు. ఎవలకేసిననో ఎవలడిగినా చెప్ప."

తర్వాత పక్కనున్నామె తన చేట మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఆ పక్కనామె.

"మరి మా ఆయనడిగితే?" అంది ఒక చిన్నది.

"మీ ఆయనకు తాగినంక ఏం చెప్పినా యాదుండది తియ్యి" అంది పెద్దావిడ. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యనే ఆ చిన్నది కూడా చెయ్యి పెట్టింది.

రహస్య ఓటు గురించి నేను చాలా చదివాను. అది హక్కు అని పుస్తకాలు చెప్పాయి. అది ఒట్టు కూడా కావచ్చని మా అరుగు మీద చూశాను. ఆ మధ్యాహ్నం నాకు కలిగింది గర్వమే, వేరే పేరు పెట్టను.

పోలింగు రోజు బడి దగ్గర ఎండలో వరుస ఉంది. నేను ముందే వేసి, రోడ్డవతల చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డాను. పెద్దావిడ లోపలికి వెళ్లి, బయటికి వచ్చింది. అన్న కొడుకు ఎదురొచ్చాడు.

"అత్తా, నాకే గద?"

"చెప్పరాదు బిడ్డా."

"గదేందే? నెత్తి మీద చెయ్యి పెట్టు."

"ముందే ఆకు మీద ఒట్టు వడ్డది. అది తప్పితే నా చేట నిండది. నాతోని ఒట్టు తప్పిస్తవా, పాపం నీకు?"

అతని ముఖం మాడిపోయింది. "గట్లయితే అవతలోనికే ఏసినట్టు."

"నీ ఇష్టం. ఆడు గూడ గిట్లనే అనుకుంటడు."

అతను ఆమె వెనక వస్తున్నామెను అడిగాడు. ఆమె అదే మాట చెప్పింది. ఆ వెనకామె కూడా అంతే. "బీడీలోళ్లందరు ఒక్కటయిండ్రా ఏంది?" అన్నాడు. వాడ మొత్తం మీద కోపం ఎలా పెట్టుకోవాలో తెలియక చివరికి తనే నవ్వాడు. ఇంకాసేపటికి మరిది కొడుకు వచ్చి "పెద్దమ్మా" అన్నాడు. ఆమె అతనికీ ఒక్క అక్షరం మార్చకుండా అదే చెప్పింది.

ఇద్దరిలో ఒకడు గెలిచాడు. మరునాడు ఆమె ఓడినవాడి ఇంట్లో అన్నం తిని, గెలిచినవాడి ఇంట్లో చాయ్ తాగి, చేట పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. రెండు గడపలూ తెరిచే ఉన్నాయి.

"మడత సరిగ్గా పడ్డదా అక్కా?"

"నిలువు మడతనే ముందు." సిరా అంటిన గోరు చూపించింది. తర్వాత నన్ను కాసేపు చూసి అంది. "నువ్వు గూడ అడుగుతవేమో అని సూస్తున్న సారు."

"అడగను."

"టీచరమ్మ గూడ అడుగకపోయేది."

ఆవిడ పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరైనా ఆమె మాట ఎత్తితే గొంతు తగ్గించేవాళ్లు. ఈమె తగ్గించలేదు. ఆకు కత్తిరిస్తూ మామూలుగా అడిగింది.

"మిగిలిన బెండకాయలేం జేసినవ్?"

"వండుకున్నాను."

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది" అన్నాను. ఆమె తన చేట నా వైపు జరిపి, ఆకు ఎండిపోకుండా తడి గుడ్డ కప్పమంది.