కారణం రాసివ్వమన్న మేడమ్

పొద్దున బల్ల మీది మార్కాపురం పలకను తడిగుడ్డతో తుడిచాను. తడిసిన రాతి వాసన గుప్పుమంది. వెంటనే రమాదేవి మేడమ్ కళ్లముందు నిలిచారు.

మేడమ్‌ది గిద్దలూరు. నేను ఉద్యోగం చేసిన విదేశంలో ఆమె మన రాయబారి. నా పేరు మస్తాన్. మేం హిందువులం. నాకు ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే నాయన దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టాడు. మా వైపు ఇలాంటి పేర్లు ఎవరికీ వింత కాదు. అది వింతేనని మా కొమరోలు దాటి చాలా దూరం వెళ్లాకే తెలిసింది.

ఒకసారి సెలవు ముగించుకుని వెళ్తూ పలకల వ్యాపారి ఖాదర్ మామను వెంటబెట్టుకెళ్లాను. మేం దిగే రోజు మధ్యాహ్నమే అక్కడ వ్యాపార ప్రదర్శన. ఆర్డరు దొరక్కపోతే మామ ఫ్యాక్టరీ మూతపడుతుంది. ఆ దేశపు విమానాశ్రయంలో పేర్లు చూసి మా ఇద్దరినీ పక్కకు తీశారు. "ముస్లింవా?" అని అడిగాడు అధికారి. "కాదు సార్, హిందువుని" అనేశాను. నన్ను వదిలేశారు. పలకల సంచి ఒళ్లో పెట్టుకుని మామ లోపలే ఉండిపోయాడు.

తన వైపు మనిషి వస్తున్నాడని మామను కలుసుకోవడానికి వచ్చిన మేడమ్ బయట ఉన్నారు. నేనెలా గట్టెక్కానో ఆమెకు గొప్పగా చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"నువ్వు కాదంటే వదిలినారు. అంటే అవునన్నోణ్ణి పట్టుకోవచ్చని నువ్వే ఒప్పుకున్నట్లు కాదా? ఏంది నాయనా ఇది?"

నాకు తల కొట్టేసినట్లయింది.

ఆమె అనుమతి అడిగి లోపలికి పోయి మామ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాను. ఆ రోజు అక్కడి మంత్రితో ఉన్న సమావేశానికి రాలేనని ఫోన్ చేసేశారు. పై అధికారి పరుగున వచ్చి, మీ మీద గౌరవంతో ఇతన్ని వదిలేస్తామన్నాడు. మేడమ్ మామ వైపు తిరిగారు.

"మామా, ఇంకాసేపు ఓర్చుకుంటావా?"

మామ గడియారం చూశాడు. "మీరు కూర్చున్నాక నేనెట్ల లేస్తానమ్మా?"

"నాకు గౌరవం వద్దు. ఇతన్ని ఎందుకు ఆపారో కాగితం మీద రాసివ్వండి" అన్నారామె ఆ అధికారితో.

అతను కలం తీశాడు. కాగితాన్ని చాలాసేపు చూశాడు. రాయడానికేమీ లేక కలాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చివరికి క్షమాపణ చెప్పి పంపించాడు. గొంతు పెంచకుండా అంత పని చేసిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మేం చేరేసరికి ప్రదర్శన సగం ఖాళీ అయింది. మిగిలిన ఒకాయన ఇచ్చిన చిన్న ఆర్డరుతోనే మామ ఫ్యాక్టరీ నిలబడింది.

మేడమ్ అక్కడితో ఊరుకోలేదు. ఏడాదిపాటు ఇతర దేశాల రాయబారులను కలుపుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆపిన ప్రతి మనిషికీ కారణం రాసివ్వాలని ఆ ప్రభుత్వం చేత ఉత్తర్వు తెప్పించారు. ఆ తర్వాత పేరు చూసి ఆపడం బాగా తగ్గిందని వచ్చినవాళ్లు చెప్పేవారు.

ఆ ప్రదర్శన అయ్యాక ఊరికి వెళ్తూ మామ ఈ నమూనా పలకను నా చేతిలో పెట్టాడు. "బాధపడొద్దు అల్లుడా, భయమైతే ఎవరైనా అట్లనే అంటారు." మేడమ్ మందలింపుకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

మొన్న వేరే దేశపు విమానాశ్రయంలో నన్ను మళ్లీ అదే ప్రశ్న అడిగారు. "ఎందుకడుగుతున్నారో రాసివ్వండి" అన్నాను. అప్పటికే అక్కడ కూర్చోబెట్టిన, నాకు ముక్కూ మొహం తెలియని పెద్దాయన పక్కకు నా కుర్చీ జరుపుకున్నాను.